సువాన్‌లో నేను 'తినడం' నేర్చుకున్న తీరు

కొరియన్ నేర్చుకుంటున్నామని ఎవరైనా చెబితే నేను ఇచ్చే సలహా ఒకటే. క్రియల లిస్టు బట్టీ పట్టకండి, మొక్తా ఒక్కదాన్ని పట్టుకోండి. మొక్తా అంటే తినడం. దక్షిణ కొరియాలో ఉన్న సువాన్‌లో ల్యాబ్‌లో చేరిన కొత్తలో పొద్దున్నుంచి రాత్రిదాకా నా చెవిన పడింది అదే.

చివరి 'తా' తీసేసి మిగిలిన ముక్కకి తోకలు తగిలించాలి, అంతే. మొగొయో అంటే తింటాను, మొగొస్సొయో అంటే తిన్నాను, మొక్కో శిపొయో అంటే తినాలనుంది. నేనైనా నువ్వైనా వాళ్లైనా క్రియ మారదు, హాయి. 'పప్ మొగొయో' అంటే అన్నం తింటాను, మాటల వరస కూడా మనదే. తిప్పలన్నీ ఉచ్చారణతోనే, ఎందుకంటే 'మొక్‌నున్' (అంటే 'తినే') అని రాసి ఉన్నదాన్ని 'మొంగ్‌నున్' అని పలుకుతారు. వాక్, మయం కలిసి వాఙ్మయం అయినట్టే అనుకున్నాక అది కూడా నోటికొచ్చేసింది.

అసలు టెన్షన్ మర్యాద దగ్గర. మనకి 'తిన్నావా'ని 'తిన్నారా' చేస్తే పని అయిపోతుంది, అక్కడ పెద్దవాళ్ల విషయంలో క్రియనే మార్చేయాలి. ప్రొఫెసర్‌తో భోజనానికి కూర్చుంటే ఆయనకి 'మషిత్కే తుసెయో' (రుచిగా తినండి) అనాలి, నా గురించి మాత్రం 'చల్ మొక్కెస్సుమ్నిదా' (బాగా తింటాను) అనాలి. తుసెయోలో ఉన్న క్రియని పొరపాటున కూడా మన గురించి వాడకూడదు. మందుల షాపులో కూడా ఇదే. ఒక్కో పూట మాత్రలన్నీ ఒక్కో చిన్న కవర్లో వేసి, ఆ కవర్లన్నీ పొడుగ్గా దండలా చేతిలో పెట్టి, తిన్న అరగంటకి 'తుసెయో' అంటారు. జ్వరంతో ఉన్నా సరే నాకు ఆ మర్యాద భలే నచ్చింది. మాత్రలు కూడా వాళ్లు తినడమే మరి.

తర్వాత తెలుగువాడిగా లాభపడ్డాను. తిట్లు తినడం వాళ్లకీ ఉంది, యొగుల్ మొక్తా. లంచం తినడమూ ఉంది. ఉన్నదంతా అమ్ముకు తినేశాడు అంటామే, దానికి అచ్చంగా పరామొక్తా. క్లాసులో వేరే దేశాల వాళ్లు వీటికి తలలు పట్టుకుంటే నాకు మాత్రం సొంతూళ్లో ఉన్నట్టుండేది. వడదెబ్బ తగిలితే వేడిని తిన్నామంటారు, అదీ పర్లేదు. మనసుని తినడం అంటే గట్టిగా నిర్ణయించుకోవడం, ఇది మాత్రం ఎంతకీ బుర్రకెక్కలేదు.

వయసుని కూడా తింటారు. కొత్త సంవత్సరం రోజున తొక్కుక్ అనే బియ్యపు బిళ్లల సూప్ తాగితే ఒక ఏడాది తిన్నట్టు లెక్క. 2023 జూన్ నుంచి చట్టం ప్రకారం పుట్టినరోజు లెక్కే అయినా ఆ మాట పోలేదు. పిల్లల్ని 'మ్యొత్ సల్ మొగొస్సొ', అంటే ఎన్నేళ్లు తిన్నావ్ అని అడగొచ్చు. పెద్దల్ని అడగాలంటే 'యొన్సెగా ఒత్తొకే త్వెసెయో', అది ఇప్పటికీ నాకు నోరు తిరగదు, అందుకే పెద్దవాళ్ల వయసు జోలికే వెళ్లను.