గోల్డ్ మీద ఒకటిన్నర నానోమీటర్ల పొర: ఎక్స్‌పీఎస్ దగ్గర నా అనుభవం

మొన్న సాయంత్రం నా శాంపిల్ ఎక్స్‌పీఎస్ రిపోర్టు మెయిల్లో వచ్చింది. ఉపరితలం మీద ఏ మూలకాలున్నాయో ఎక్స్-రేతో చూసే పరీక్ష అది. సిలికాన్ లేదు. సల్ఫర్ ఉంది, అదీ ఉండాల్సిన 162 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే ఉంది. ఈ ఒక్క గ్రాఫ్ కోసం పడ్డ తిప్పలు మనసులో పచ్చిగా ఉండగానే రాసేస్తున్నాను. హైదరాబాద్‌లో నాలాగా బయోసెన్సర్ల మీద పనిచేస్తున్న రీసెర్చ్ స్కాలర్లు, ఎమ్మెస్సీ ప్రాజెక్టు పిల్లలు చాలామంది ఉన్నారు. నాకు జరిగింది వాళ్లకి జరగకూడదు.

ముందు పని గురించి చెప్తాను. బంగారపు పూత మీద ఒక ఆర్గానిక్ అణువును ఒకే ఒక్క వరుసలో నిలబెట్టాలి, ఆ ఒక్క వరుస పొరనే మోనోలేయర్ అంటాం. నేను వాడింది 11-మెర్కాప్టోఅండెకనోయిక్ యాసిడ్, ల్యాబుల్లో అందరం ఎంయూఏ అంటాం. దానికి ఒక చివర సల్ఫర్, అది బంగారాన్ని గట్టిగా పట్టుకుంటుంది. మధ్యలో కార్బన్ గొలుసు. రెండో చివర యాసిడ్ గ్రూపు, అది పైకి ఉంటుంది. మా నల్గొండ వైపు వరినాటు వేసినట్టు, వేళ్లన్నీ కింద, కొనలన్నీ పైన. మొత్తం మందం సుమారు ఒకటిన్నర నానోమీటర్లు. ఆ పై కొనలకి తర్వాత యాంటీబాడీని కడతాం. 1983లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో నుజో, అల్లారా అనే ఇద్దరు బంగారం మీద సల్ఫర్ ఉన్న ఆర్గానిక్ అణువులు వాటంతటవే ఇలా బారులు తీరతాయని చూపించారు. ఖరీదైన మెషీన్ అక్కర్లేదు, ఆల్కహాల్‌లో కలిపి ముంచి ఉంచితే చాలు. నేను ఈ పనిని ఎంచుకోవడానికి కారణం అదే. మా కాలేజీలో డబ్బు లేదు కానీ బీకర్లు ఉన్నాయి.

కొనడం దగ్గర నస మొదలైంది. గ్రాముల్లో కొనే సీసాకి కూడా మూడు కొటేషన్లు కావాలన్నారు మా పర్చేజ్ సెక్షన్ వాళ్లు. ఆ కంపెనీ సరుకు నగరంలో అమ్మేది ఒకే డీలర్ అయితే మిగతా రెండు కొటేషన్లు ఎక్కడి నుంచి తేవాలో మాత్రం చెప్పరు. ఇండెంట్ ఎప్పుడు పెట్టినా ఫర్వాలేదు కానీ మార్చిలో పెట్టకండి. మార్చిలో అక్కడ ఫైలు కదలదు.

ఇక ముక్క: సిలికాన్ వేఫర్ అనే పల్చటి పలక మీద 5 నానోమీటర్ల క్రోమియం, దాని మీద 100 నానోమీటర్ల గోల్డ్. ఇది ఒక సీనియర్ అన్న తన ల్యాబ్‌లో వేసిచ్చాడు, ఏ ఇబ్బందీ లేదు.

గోల్డ్‌ని శుభ్రం చేయడం గురించి మాత్రం రెండు మాటలు చెప్పాలి. దానికి చాలామంది వాడే పిరానా అంటే మూడు వంతుల గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్, ఒక వంతు 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. పెరాక్సైడ్‌ని యాసిడ్‌లోకి మెల్లగా పోయాలి, యాసిడ్‌ని పెరాక్సైడ్‌లోకి కాదు. దగ్గర్లో అసిటోన్ గానీ ఆల్కహాల్ గానీ ఉండకూడదు, కలిస్తే పేలుతుంది. మిగిలినదాన్ని సీసాలో పోసి మూత బిగించారో, లోపల గ్యాస్ పెరిగి సీసా పగులుతుంది. ఆదివారం పూట ల్యాబ్‌లో ఎవరూ లేనప్పుడు ఈ పని చేసేవాళ్లని నేను చూశాను, దయచేసి చేయకండి. యూవీ ఓజోన్ క్లీనర్ దొరికితే అసలు పిరానా జోలికే పోవద్దు.

ఎంయూఏని ఇథనాల్‌లో ఒక మిల్లీమోలార్ కలిపి, కొంచెం ఎసిటిక్ యాసిడ్ వేసి, రాత్రంతా ముంచి ఉంచాను. ఎసిటిక్ యాసిడ్ మానేయొద్దు. అది లేకపోతే పైకి ఉన్న యాసిడ్ కొనలకి ఇంకో వరుస అణువులు హైడ్రోజన్ బంధంతో తగులుకుంటాయి, ఒక పొర అనుకున్నది రెండు పొరలవుతుంది. పొద్దున తీసి ఇథనాల్‌తో బాగా కడిగి, నైట్రోజన్‌తో ఆరబెట్టాను.

నీటి బొట్టు ఉపరితలంతో చేసే కోణాన్ని కొలిచే కాంటాక్ట్ యాంగిల్ మెషీన్ నా దగ్గర లేదు. మైక్రోపిపెట్‌తో ఒక్క నీటి బొట్టు పెట్టి, పక్క నుంచి ఫోన్‌తో ఫొటో తీశాను. బొట్టు తాకీ తాకగానే పల్చగా పరుచుకుపోయింది, అంచు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. యాసిడ్ కొనలు నీటిని ఇష్టపడతాయి కాబట్టి అలాగే పరుచుకోవాలి. ఆ ఫొటోని తేదీతో సహా దాచాను. నా మాట నిలబడటానికి తర్వాత అదే సాక్ష్యమైంది.

ఇక ఎక్స్‌పీఎస్. శాంపిల్ మీద ఎక్స్-రే వేస్తే లోపలి ఎలక్ట్రాన్లు బయటికి దూకుతాయి, వాటి శక్తిని బట్టి అక్కడ ఏ మూలకం ఏ స్థితిలో ఉందో తెలుస్తుంది. ఒక్కో మూలకం గ్రాఫులో తన చోట శిఖరంలా లేస్తుంది, దాన్నే పీక్ అంటాం. దీన్ని ఇంత పదునుగా తీర్చిదిద్దినందుకే స్వీడన్‌కి చెందిన కాయ్ సీగ్‌బాన్‌కి 1981లో నోబెల్ వచ్చింది. పైనున్న పది నానోమీటర్ల లోపలి సంగతే ఇది చెప్తుంది, అంతకంటే లోతు నుంచి ఎలక్ట్రాన్లు బయటికి రాలేవు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

మా కాలేజీలో ఈ మెషీన్ లేదు. నగరం ఆ చివర ఉన్న ఒక పెద్ద కేంద్రంలో డబ్బు కట్టి స్లాట్ తీసుకున్నాను. వాళ్ల రూల్ ఒకటుంది: శాంపిల్స్ వాళ్లిచ్చే పెట్టెలోనే ఇవ్వాలి. చిన్న పారదర్శక ప్లాస్టిక్ పెట్టె, లోపల అడుగున జిగురుగా ఉండే జెల్. ముక్కని దాని మీద పెడితే కదలకుండా అతుక్కుంటుంది. నేను గాజు పెట్రీ డిష్‌లో తీసుకెళ్లినవాటిని కౌంటర్ దగ్గరే ఆ పెట్టెలోకి మార్పించారు. వ్యాక్యూమ్ పంప్ పాడైందని స్లాట్ వాయిదా పడింది, మళ్లీ వాయిదా పడింది. నా శాంపిల్స్ అన్నాళ్లూ ఆ పెట్టెలోనే ఉన్నాయి.

చివరికి రమ్మన్నారు. ఆపరేటర్ గదిలో వేరే కాలేజీల పిల్లలు కూడా కూర్చుని ఉన్నారు. ఆయన మానిటర్ అందరికీ కనబడేలా తిప్పాడు.

“ఇదిగో, సిలికాన్ పీక్ ఎంత ఉందో చూడు. సల్ఫర్ ఉందా లేదా అన్నట్టుంది. నీ గోల్డ్ సరిగ్గా పడలేదమ్మా, పగుళ్ల లోంచి కింద వేఫర్ కనబడుతోంది. ఊరికే ముంచి తీస్తే మోనోలేయర్ అయిపోతుందా? ఏ కాలేజీ మీది?”

చెప్పాను.

“అక్కడ ఇలాంటివి కూడా చేస్తున్నారా?” అని మిగతావాళ్ల వైపు చూసి నవ్వాడు. ఒకరిద్దరు నవ్వారు కూడా.

“సార్, గోల్డ్ వంద నానోమీటర్లుంది, కింద సిలికాన్ ఎలా కనబడుతుంది?” అన్నాను. “నాకు చెప్తున్నావా?” అన్నాడు. రా డేటా, అంటే మెషీన్ కొలిచిన అసలు అంకెలు ఇవ్వమంటే పీడీఎఫ్ మాత్రమే ఇస్తామన్నాడు. స్క్రీన్ మీద కనిపించిన అంకెల్ని అరచేతి మీద రాసుకుని బయటికొచ్చాను. చెవులు వేడెక్కిపోయాయి, ఏడుపు గొంతు దాకా వచ్చింది. రాయదుర్గంలో మెట్రో ఎక్కి హబ్సిగూడ వరకు ఆ అరచేతినే చూస్తూ కూర్చున్నాను.

అమీర్‌పేట్ దాటాక విషయం వెలిగింది. సిలికాన్ పీక్ ఉన్నది 102 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర. వేఫర్ సిలికాన్ అయితే 99 దగ్గర రావాలి, దాని ఆక్సైడ్ అయితే 103 దాటాలి. 102 అంటే సిలికోన్, అంటే జెల్, రబ్బరు, గ్రీజు లాంటివాటిలో ఉండేది. ఇంకోటి, గోల్డ్ పగిలి అడుగు కనిపిస్తుంటే మధ్యలో ఉన్న క్రోమియం కూడా కనబడాలి కదా. క్రోమియం ఆనవాలే లేదు. ఆ సిలికాన్ కింది నుంచి రాలేదు, పై నుంచి వచ్చింది. ఆ పెట్టె నుంచి వచ్చింది.

సిలికోన్ జెల్‌లో గట్టిపడకుండా మిగిలిపోయిన చిన్న చిన్న అణువులుంటాయి. అవి ఉపరితలాల మీద పాకుతాయి, కొన్ని ఆవిరిగా లేచి కూడా చేరతాయి. నీటిని ఇష్టపడే, శుభ్రమైన ఉపరితలం దొరికితే ఇంకా తొందరగా కప్పేస్తాయి. నా పొర మందమే ఒకటిన్నర నానోమీటర్లు. దాని మీద ఇంకో కొన్ని నానోమీటర్ల నూనె పేరుకుంటే, అసలే చిన్నదైన సల్ఫర్ పీక్ ఉందా లేదా అన్నట్టు అయిపోవడంలో వింతేముంది?

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. “ఏ కాలేజీ” అని అడిగి నవ్వేవాళ్లకి ఆగ్నెస్ పోకెల్స్ గురించి తెలియాలి. జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ అనే ఊళ్లో ఉండేది. ఆవిడ ఏ యూనివర్సిటీలోనూ చదవలేదు. ఇంట్లో అమ్మానాన్నల్ని చూసుకుంటూ, వంటింట్లో గిన్నెలు కడిగే నీళ్ల మీద తేలే జిడ్డు పొరల్ని గమనించి, నీటి మీద పొరని నెట్టి కొలిచే తొట్టిని తనే తయారు చేసుకుంది. ఆ ఫలితాలన్నీ ఇంగ్లండ్‌లో లార్డ్ రేలీ అనే పెద్ద శాస్త్రవేత్తకి ఉత్తరం రాస్తే, ఆయన దాన్ని 1891లో నేచర్ పత్రికలో వేయించాడు. ఒక్క అణువు మందం పొరల శాస్త్రానికి ఆ తొట్టి పునాది. తర్వాత అదే దారిలో అమెరికా శాస్త్రవేత్తలు లాంగ్‌మ్యూర్, క్యాథరిన్ బ్లాజెట్ వచ్చారు. 1932లో లాంగ్‌మ్యూర్‌కి నోబెల్ ఇచ్చింది కూడా ఉపరితలాల మీద చేసిన పనికే. రేలీ ఆవిడని ఏ కాలేజీ అని అడిగి ఉత్తరం పక్కన పడేసి ఉంటే?

మా గైడ్ మేడమ్‌కి అంతా చెప్పాను. ఆవిడ “వాదించకు, చేసి చూపించు” అంది. చేశాను.

ఒకే శాంపిల్‌ని డైమండ్ స్క్రైబర్‌తో రెండుగా విరిచాను. ఒక సగం గాజు డిష్‌లో, ఇంకో సగం ఆ జెల్ పెట్టెలో. థయాల్ (ఎంయూఏ లాంటి సల్ఫర్ కొన ఉన్న అణువు) అసలు వేయని, యూవీ ఓజోన్‌తో శుభ్రం చేసిన వట్టి గోల్డ్ ముక్క ఒకటి కూడా పెట్టెలో పెట్టాను. పెట్టె కోసం వెళ్తే అక్కడి అటెండర్ అన్న ఖాళీది ఒకటి ఇస్తూ, “ఇవే తిప్పి తిప్పి వాడతరు మేడం, కొత్తవి ఎప్పుడో గాని రావు” అన్నాడు. ఆయన మేలు మరిచిపోను.

కొన్నాళ్లాగి నీటి బొట్లు పెట్టాను. గాజు డిష్‌లో ఉంచిన సగం మీద నీరు అదే పల్చదనంతో పరుచుకుంది. పెట్టెలో ఉంచిన సగం మీద బొట్టు గుండ్రంగా లేచి నిలబడింది, వంచితే జారింది. మెషీన్ అక్కర్లేదు, పదో తరగతి పిల్లకి చూపించినా తేడా చెప్పేస్తుంది. మొదట దాచిన ఫొటోతో కలిపి మూడు ఫొటోలూ పక్కపక్కన పెట్టి ప్రింట్ తీశాను.

రెండో స్లాట్ డబ్బు నా ఫెలోషిప్‌లోంచే కట్టాను. ఈసారి గాజు డిష్‌లోనే ఇస్తానని మేడమ్‌తో ముందే మెయిల్ పెట్టించాను. పెట్టెలో ఉంచిన వట్టి గోల్డ్ ముక్క మీద కూడా 102 దగ్గర పీక్ లేచింది. నేను థయాల్ వేయని ముక్క అది, నా చేతి పని మీద నెపం వేయడానికి దాని మీద ఏమీ లేదు. గాజులో ఉంచిన ముక్క మీద సిలికాన్ లేదు, 162 దగ్గర సల్ఫర్ ఉంది, 289 దగ్గర యాసిడ్ కార్బన్ ఉంది. ఆపరేటర్ ఫొటోల ప్రింట్ చాలాసేపు చూశాడు. సారీ చెప్పలేదు. “సరే, మీ మేడమ్‌ని దీని గురించి డైరెక్టర్‌గారికి మెయిల్ పెట్టమనండి” అన్నాడు. పెట్టాం. ఈరోజు దాకా వాళ్ల ఫారంలో ఆ పెట్టె రూల్ అలాగే ఉంది. నా మొదటి స్లాట్ డబ్బు కూడా తిరిగి రాలేదు. నేను అడుగుతూనే ఉంటాను.

కాబట్టి ఎక్స్‌పీఎస్‌కి వెళ్లేవాళ్లు బుకింగ్‌కి ముందే ఫోన్ చేసి శాంపిల్ ఏ పెట్టెలో పెడతారో అడగండి. జెల్ పెట్టె అంటే, గాజు డిష్‌లో ఇచ్చినా తీసుకుంటామని వాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. థయాల్ పొర గాల్లో ఎక్కువ రోజులుంటే సల్ఫర్ ఆక్సీకరణ చెంది 168 వైపు జరుగుతుంది, కాబట్టి స్లాట్ ఖాయమయ్యాకే ముక్కని తయారు చేయండి. ప్రతిసారీ ఒక వట్టి గోల్డ్ ముక్క తోడు పంపండి, ఆ ఖర్చుకి వెనకాడొద్దు. పీడీఎఫ్‌తో సరిపెట్టుకోకండి, వామాస్ ఫార్మాట్‌లో (ఇలాంటి డేటాకి అందరూ వాడే ఫైలు రకం) రా డేటా అడగండి, డబ్బు కట్టింది మీరు. నేను సోమవారం నుంచి యాంటీబాడీ కట్టడం మొదలుపెడుతున్నాను, దాని సంగతి అయ్యాక విడిగా రాస్తాను.