సీడీ నంబర్ల పట్టిక పార్ట్ బి వరకే

సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వచ్చింది. ఎస్వీయూ లైబ్రరీలో చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ అందరూ ఇమ్యునాలజీ ఎలా చదవాలనే అడుగుతున్నారు. అందుకే సిలబస్ యూనిట్ 13లోని ఫ్లో సైటోమెట్రీ (రంగు యాంటీబాడీలు అంటించిన సెల్స్‌ను లేజర్ ముందు ఒక్కొక్కటిగా పంపి చూసే పద్ధతి) గురించే ఎక్కువ రాస్తున్నాను. మొదటి అటెంప్ట్‌లో దెబ్బ తగిలింది అక్కడే. పార్ట్ సిలో తప్పు పెడితే 4 మార్కులు రాకపోగా ఇంకో మార్కు కోత.

సీడీ నంబర్లంటే సెల్ పైనుండే గుర్తు ప్రొటీన్ల పేర్లు. సీడీ3 టీ సెల్, సీడీ19 బీ సెల్, సీడీ14 మోనోసైట్, సీడీ56 ఎన్‌కే (నేచురల్ కిల్లర్) సెల్. ఇంతవరకు అందరికీ నోటికి వచ్చు. మనిషి రక్తానికి యాంటీ సీడీ4 ఒక్కటే వేసి, పాజిటివ్‌గా వచ్చినవన్నీ హెల్పర్ టీ సెల్సేనా అంటే మాత్రం తడబడతాం. మోనోసైట్ల మీద కూడా సీడీ4 కొంచెం ఉంటుంది, కొన్ని ఎన్‌కే సెల్స్ మీద సీడీ8 ఉంటుంది. కాబట్టి ముందు సీడీ3 గేటు పెట్టి (అంటే సీడీ3 ఉన్న సెల్స్‌నే ఎంచుకుని), దాని లోపలే సీడీ4, సీడీ8 చూడాలి.

ఇంకో చిక్కు ఎఫ్‌సీ రిసెప్టర్లు. మోనోసైట్లు, బీ సెల్స్ యాంటీబాడీని తోక వైపు పట్టుకుంటాయి, అప్పుడు యాంటిజెన్ లేని సెల్ కూడా పాజిటివ్‌గా కనిపిస్తుంది. ఎలుక సెల్స్‌కైతే స్టెయినింగ్‌కు ముందే 2.4జీ2 క్లోన్ యాంటీబాడీతో సీడీ16/32 అనే ఎఫ్‌సీ రిసెప్టర్లను బ్లాక్ చేస్తారు.

స్టెయినింగ్‌లో ప్రతి అంకెకూ కారణం తెలియాలి. 10 లక్షల సెల్స్, 100 మైక్రోలీటర్ల పీబీఎస్ (ఉప్పు బఫర్), అందులో 2 శాతం ఎఫ్‌బీఎస్ (దూడ పిండపు సీరం), 0.1 శాతం సోడియం అజైడ్, ఐస్ మీద చీకట్లో 20 నుంచి 30 నిమిషాలు. వెచ్చగా ఉంచితే యాంటీబాడీ రెండు చేతులతో రిసెప్టర్లను గుంపు చేస్తుంది, అవి ఒక పక్కకు చేరి సెల్ లోపలికి పోతాయి, సిగ్నల్ పడిపోతుంది. చల్లదనం, అజైడ్ దాన్ని ఆపుతాయి. సార్ట్ చేసిన (మెషీన్‌తో వేరు చేసిన) సెల్స్‌ను కల్చర్‌లో పెంచాలంటే మాత్రం అజైడ్ వేయకూడదు. చీకటి ఫ్లోరోక్రోమ్ కోసం, అంటే యాంటీబాడీకి అంటించిన వెలిగే రంగు వెలుతురుకు పాడవకుండా.

ఐసోటైప్ కంట్రోల్ (ఆ యాంటిజెన్‌ను పట్టని అదే రకం యాంటీబాడీ) ఉంది కదా అని గేటు పెట్టేస్తే పప్పులో కాలేసినట్టే. ఎఫ్ఐటీసీ అనే ఆకుపచ్చ రంగు వెలుగు 520 నానోమీటర్ల దగ్గర ఎక్కువగా ఉండి, పీఈ అనే ఇంకో రంగు డిటెక్టర్‌లోకి కూడా కారుతుంది. ఆ కారడం ఎంతో ఐసోటైప్ చెప్పదు. కాంపెన్సేషన్‌కు (ఆ కారడాన్ని లెక్కలో తీసేయడానికి) ఒక్కో రంగుతో విడిగా స్టెయిన్ చేసిన ట్యూబులు కావాలి. ఎఫ్ఐటీసీ ఒక్కటే వేసిన ట్యూబులో పాజిటివ్, నెగటివ్ గుంపుల పీఈ మీడియన్ సమానమైతే కాంపెన్సేషన్ సరిగ్గా ఉన్నట్టు. గేటు హద్దు ఎక్కడో తేల్చేది మాత్రం ఎఫ్ఎంఓ, అంటే ఆ ఒక్క రంగు తప్ప మిగతావన్నీ వేసిన ట్యూబు.

పట్టికలు గోడకు అంటించుకుంటే చదివినట్టు కాదు. రోజుకు ఒక డాట్ ప్లాట్ (ఒక్కో సెల్ ఒక్కో చుక్కగా ఉండే గ్రాఫ్) ముందు పెట్టుకుని, ఏ కంట్రోల్ లేదో వెతకండి. ఈ పద్ధతి నెమ్మదే, కానీ నాకు మార్కులు తెచ్చింది ఇదే.

హైబ్రిడోమాలో (బీ సెల్‌ను మైలోమా అనే క్యాన్సర్ సెల్‌తో కలిపి ఒకే రకం యాంటీబాడీ తీసే పద్ధతి) హ్యాట్ మీడియం, హెచ్‌జీపీఆర్‌టీ ఎంజైమ్ లేని మైలోమా వస్తే చాలు. లెక్కలు వదలకండి. యాంటీబాడీ స్టాక్ మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాములు, కావాల్సింది 0.25 మైక్రోగ్రాములు అంటే 0.5 మైక్రోలీటరు. అంత తక్కువ పిపెట్‌లో సరిగ్గా రాదు. ముందు బఫర్‌తో పదింతలు పలచన చేసి 5 మైక్రోలీటర్లు తీసుకోవాలి.