కనిపించని సంకేతం, దొరకని ఫోల్డరు

‘సాఫ్ట్‌వేర్ రసీదులు’ అని నేనే పేరు పెట్టిన ఫోల్డరు, అదే పేరుతో వెతికితే దొరకకపోవడం నన్ను ఎన్నోసార్లు బాధపెట్టింది. పొల్లు తరువాతి హల్లు ఒత్తుగా మారకుండా ఆపేందుకు మధ్యలో చేరే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే సంకేతం దీనికి కారణం. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యను కేటాయించే యూనికోడ్‌లో దాని సంఖ్య 8204. కంటికి కనిపించని ఆ సంకేతాన్ని కూడా నా కంప్యూటరు ఒక అక్షరంగానే లెక్కిస్తుంది కనుక, ఫోనులో దానితోనూ, కంప్యూటరులో అది లేకుండానూ టైపు చేసిన పేర్లు రెండు వేర్వేరు మాటలైపోతాయి. వెతికేటప్పుడు దానిని పట్టించుకోకుండా ఉండటమే న్యాయమని నా దృఢమైన అభిప్రాయం. అలా జరిగేంతవరకు ‘సాఫ్ట్’ అని మాత్రమే టైపు చేసి వెతుకుతున్నాను. కొత్త ఫోల్డర్లకైతే ‘రసీదులు’, ‘ఉత్తరాలు’ వంటి, నడుమ పొల్లు రాని పేర్లనే పెడుతున్నాను.