రెండు పాత డిస్కులు, ఒక అడాప్టర్ కేబుల్

పొద్దున్నే ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే లైటు వెలిగి వెంటనే ఆరిపోయింది. మళ్లీ నొక్కాను, మళ్లీ అంతే. చార్జర్ మార్చాను, పవర్ బటన్ అరనిమిషం నొక్కిపట్టి చూశాను. ఉలుకూ పలుకూ లేదు. రిపేరు చేసే అతను విప్పి చూసి మదర్‌బోర్డు పోయిందన్నాడు. "మరి అందులో ఉన్నవి?" అని అడిగితే, "చూడాలండీ, గ్యారంటీ ఏమీ ఇవ్వలేను" అన్నాడు. తొమ్మిదేళ్ల ఫొటోలున్నాయి అందులో. చివరిసారి బ్యాకప్ తీసి రెండేళ్లు దాటింది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆఫీసులో పక్క సీటు మిత్రుడికి చెప్పుకుంటే, "బోర్డు పోతే డిస్క్‌కేమైంది? డిస్క్ బయటికి తీసి యూఎస్‌బీ అడాప్టర్ కేబుల్‌కి తగిలించు, వేరే కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో సగం భారం దిగిపోయింది. బోర్డు వేరు, డిస్క్ వేరు అన్న సంగతి నాకు తెలియనిది కాదు, కంగారులో తట్టలేదు.

కేబుల్ కొనేముందు అటక మీద ఉన్న నాన్న ల్యాప్‌టాప్ కూడా గుర్తొచ్చింది. అది ఇంకా పాతది, ఆన్ అవడం మానేసి చాలా ఏళ్లయింది. నాన్న ఉన్నప్పుడు అందులో ఏవో రాసుకునేవారని అమ్మ ఎప్పుడూ అంటుంటుంది. రెండింటి వెనక మూతలూ తీసి డిస్కుల్ని చూశాకే కేబుల్ కొన్నాను. అలా చూడటం మంచిదైంది. ఎందుకంటే నా డిస్క్ సాటా, నాన్నది అంతకంటే పాత తరం ఐడీఈ. ఇవి డిస్క్‌ని బోర్డుకి కలిపే రెండు పద్ధతులు. సాటా డిస్క్ అంచున రెండు చదునైన పట్టీలుంటాయి. చిన్నదానికి 7 కాంటాక్టులు, అది డేటాకి. పెద్దదానికి 15, అది కరెంటుకి. రెండూ ఎల్ ఆకారంలో ఉంటాయి కాబట్టి తిరగేసి పెట్టడం కుదరదు. ల్యాప్‌టాప్ ఐడీఈ డిస్క్‌కి పట్టీలుండవు, సూదుల్లాంటి 44 పిన్నులు రెండు వరసల్లో ఉంటాయి. ఈ రెండు రకాలకీ, డెస్క్‌టాప్ ఐడీఈ డిస్కులకీ కలిపి మూడు మూతులున్న అడాప్టర్ దొరుకుతుంది. విడిగా పవర్ అడాప్టర్ కూడా ఇచ్చే రకం తీసుకున్నాను. డెస్క్‌టాప్‌లో వాడే 3.5 అంగుళాల డిస్కులకి 12 వోల్టులు కూడా కావాలి, మామూలు యూఎస్‌బీలో వచ్చేది 5 వోల్టులే. ల్యాప్‌టాప్ డిస్క్ 2.5 అంగుళాలది, దానికి 5 చాలు. కాబట్టి ఆ పవర్ అడాప్టర్ నాకు అక్కర్లేదేమో అనుకున్నాను. చివరికి నన్ను గట్టెక్కించింది అదే.

డిస్క్ తీయడం పెద్ద పనేమీ కాలేదు. చార్జర్ పీకేసి, లోపల బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, స్క్రూలు ఏవి ఎక్కడివో ఒక కాగితం మీద బొమ్మ గీసి వాటి చోట్లలోనే టేపుతో అతికించాను. డిస్క్‌కి రెండు పక్కలా రేకు క్లాంపు ఉంది. అది విప్పి డిస్క్‌ని పైకి లాగకుండా కనెక్టర్ నుంచి పక్కకి జరిపితే వచ్చేసింది. కింద వైపు ఆకుపచ్చ సర్క్యూట్ బోర్డు కనిపిస్తుంది, దాన్ని వేళ్లతో ముట్టుకోకూడదు. డిస్క్‌ని రేకు బల్ల మీద కాకుండా పొడి చెక్క బల్ల మీద పెట్టాను.

అసలు పరీక్ష ఇక్కడే మొదలైంది. అడాప్టర్‌కి డిస్క్ తగిలించి, యూఎస్‌బీ వైరుని ఎప్పుడూ మౌసూ కీబోర్డూ తగిలించే హబ్‌లోనే గుచ్చాను. నీలం లైటు వెలిగింది. డిస్క్ సన్నగా జుయ్‌మని లేచింది, టిక్‌మంది, ఆగిపోయింది. మళ్లీ లేచింది, టిక్, ఆగింది. నా గుండె జారిపోయింది. డిస్క్‌లోంచి టిక్ టిక్ వస్తే లోపల డేటా చదివే హెడ్ పాడైనట్టే అని ఎక్కడో చదివాను. ఇంతలో విండోస్ ఒక పెట్టె చూపించింది: ఈ డిస్క్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని. పక్కపక్కనే రెండు బటన్లు. అలాంటి కంగారులో ఎవరైనా దాన్ని నొక్కేసే ప్రమాదముంది, అందుకే ఇది గట్టిగా చెబుతున్నాను. ఆ పెట్టెకి అర్థం డిస్క్ ఖాళీ అని కాదు, విండోస్ దాన్ని చదవలేకపోయింది అని మాత్రమే. కారణం కరెంటు చాలకపోవడం కావచ్చు, డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేకుండా చదవలేనట్టు తాళం పడి ఉండొచ్చు, విండోస్ కాకుండా లినక్స్‌లో వాడిన డిస్క్ కావచ్చు. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ "ఇనిషియలైజ్", అంటే కొత్త డిస్క్‌లా సిద్ధం చేయనా అని అడిగినా అంతే. క్యాన్సిల్ నొక్కి, వైరు పీకేసి, కాసేపు బయటికెళ్లి వచ్చాను.

వచ్చాక డిస్క్ లేబుల్ చదివాను. 5 వోల్టులు, 0.7 ఆంపియర్లు అని ఉంది. అప్పుడు లెక్క తేలింది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు అయితే 900. డిస్క్ తిరగడం మొదలుపెట్టే మొదటి రెండు మూడు సెకన్లలో లేబుల్ మీద ఉన్నదాని కంటే ఎక్కువే, 1 ఆంపియర్ దాకా లాగుతుంది. పైగా నా హబ్‌కి సొంత కరెంటు లేదు, ఒక్క పోర్టు ఇచ్చేదాన్నే మౌసుకీ కీబోర్డుకీ కూడా పంచుతోంది. పాపం డిస్క్ లేవబోయి శక్తి చాలక కూలబడుతోంది, అంతే.

ఈసారి అక్కర్లేదనుకున్న ఆ పవర్ అడాప్టర్ తీసి, కేబుల్ పెట్టె పక్కనున్న సాకెట్‌లో గుచ్చి ముందుగా కరెంటు ఇచ్చాను. యూఎస్‌బీ ఇంకా పెట్టలేదు. డిస్క్ పైమూత మీద చూపుడు వేలు ఆనించి కూర్చున్నాను. మొదట చిన్న కుదుపు. తర్వాత అదురు పెరుగుతూ పెరుగుతూ ఒక స్థాయిలో నిలిచిపోయింది, వేలి కింద సన్నటి ఒకే తీరు వణుకు. లోపల ఏదో కదిలి సర్దుకున్నట్టు చిన్న చప్పుడు. ఇక ఆగలేదు. నిమిషానికి 5400 చుట్లు తిరిగే పలక అది, దాని మీద వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో హెడ్ తేలుతూ ఉంటుంది. అందుకే తిరుగుతున్నంతసేపూ డిస్క్‌ని ఎత్తడం గానీ జరపడం గానీ చేయకూడదు. అప్పుడు యూఎస్‌బీ వైరుని హబ్‌లో కాకుండా కంప్యూటర్ వెనక ఉన్న నీలం రంగు 3.0 పోర్టులో నేరుగా గుచ్చాను. రెండు డ్రైవ్‌లు కనిపించాయి. ఫార్మాట్ మాట ఎత్తలేదు.

యూజర్స్ ఫోల్డర్‌లో నా పేరు మీద క్లిక్ చేస్తే దాన్ని తెరవడానికి మీకు అనుమతి లేదు అంది. ఇది చూసి కూడా చాలామంది హడలిపోతారు గానీ భయపడాల్సింది లేదు. పాత విండోస్‌లోని నా ఖాతా వేరు, ఈ కంప్యూటర్‌లోని నా ఖాతా వేరు. పేరు ఒకటే అయినా లోపలి గుర్తింపు సంఖ్య వేరే. కంటిన్యూ నొక్కితే కొత్త ఖాతాకి అనుమతి రాసుకుంటూ పోతుంది. ఫైళ్లు లక్షల్లో ఉన్నాయి కాబట్టి ఆకుపచ్చ గీత పది నిమిషాలు పాకింది. కదలట్లేదని మధ్యలో మూసేయకుండా ఓపిక పట్టాలి.

కాపీ మొదట్లో బాగానే సాగింది. 310 జీబీ, గంటలో అయిపోతుందనిపించింది. అదే 2.0 పోర్టులో అయితే మూడు గంటలు పట్టేది. ఒక ఫొటోల ఫోల్డర్ దగ్గరికి రాగానే వేగం సున్నాకి పడిపోయి, సైక్లిక్ రిడండెన్సీ చెక్ ఎర్రర్ వచ్చింది, అంటే అక్కడి డేటా సరిగ్గా చదవలేకపోయింది. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెట్టి చూస్తే కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్ (చదవడం కష్టమైన చిన్న చిన్న డేటా గళ్ల లెక్క) పక్కన సున్నా ఉండాల్సిన చోట 10 కనిపించింది. ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా ఈ విలువల్ని హెక్సాడెసిమల్‌లో, అంటే పదహార్ల లెక్కలో చూపిస్తుంది, అంటే అవి 16 సెక్టార్లు. అంటే డిస్క్ బతికే ఉంది గానీ ఒంట్లో బాగాలేదు. ఇలాంటప్పుడు వరసగా కాపీ చేసుకుంటూ పోకూడదు. ముందు మళ్లీ దొరకనివి, అంటే ఫొటోలూ సొంతంగా రాసుకున్నవీ తీసుకోవాలి. సినిమాలూ ఇన్‌స్టాలేషన్ ఫైళ్లూ తర్వాత.

ఎక్స్‌ప్లోరర్ వదిలేసి విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ కమాండ్ వాడాను. దాంతో ఒక జాగ్రత్త ఉంది. చదవలేని ఫైలు తగిలితే అది మామూలుగా 10 లక్షల సార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది, ప్రతి ప్రయత్నానికీ మధ్య 30 సెకన్లు ఆగుతుంది. లెక్కేస్తే ఒక్క ఫైలుకే దాదాపు ఏడాది. ఆ కమాండ్‌లో ఆర్ (ఎన్నిసార్లు) దగ్గర 1, డబ్ల్యూ (ఎన్ని సెకన్లు ఆగాలి) దగ్గర 1 ఇస్తే ఒక్కసారి మాత్రం మళ్లీ ప్రయత్నించి తర్వాతి ఫైలుకి వెళ్లిపోతుంది. అలా ఇచ్చి పడుకున్నాను. పొద్దున చూస్తే 11 ఫొటోలు తప్ప అన్నీ వచ్చేశాయి. ఆ పదకొండిట్లో ఏడు అక్క ఫోన్‌లో దొరికాయి. కరెంటు సరిగ్గా ఇచ్చాక కూడా టిక్ టిక్ ఆగకపోయి ఉంటే మాత్రం నేను ఇదేమీ చేసేవాణ్ణి కాదు. అప్పుడు డిస్క్ తిరిగే ప్రతి నిమిషమూ నష్టమే, ఆపేసి డేటా రికవరీ వాళ్లకి ఇచ్చేయాలి.

నాన్న డిస్క్‌ని మరో ఆదివారానికి పెట్టుకున్నాను. 40 జీబీ డిస్క్. తీసి చూస్తే చివర పిన్నులు లేవు, నా కేబుల్‌లో ఏ మూతికీ సరిపోని ఒక వెడల్పాటి సాకెట్ ఉంది. వేరే కేబుల్ కొనాలేమో అనుకుంటూ భూతద్దం పెట్టి చూస్తే, ఆ సాకెట్‌కీ డిస్క్‌కీ మధ్య జుట్టంత సందు కనిపించింది. అది డిస్క్‌లో భాగం కాదు, ల్యాప్‌టాప్ కంపెనీ పిన్నుల మీద తొడిగిన ముక్క. పాత ప్లాస్టిక్ కార్డు అంచు ఆ సందులో పెట్టి ఒకసారి ఈ చివర, ఒకసారి ఆ చివర, కొంచెం కొంచెంగా పైకి లేపాను. ఒకే వైపు లేపితే పిన్నులు వంగిపోతాయి. అంత జాగ్రత్తపడ్డా ఒకటి వంగింది. ములుకు తీసేసిన మెకానికల్ పెన్సిల్ మొన దానికి తొడిగి నెమ్మదిగా నిలబెట్టాను. సరిగ్గా పిన్నుకి సరిపోయింది.

తగిలించేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఆ 44 పిన్నుల్లో 20వ స్థానం ఖాళీగా ఉంటుంది, కేబుల్ సాకెట్‌లో ఆ రంధ్రం పూడ్చి ఉంటుంది. రెండూ ఎదురెదురుగా రావాలి. పిన్నుల పక్కనే చిన్న ఖాళీ వదిలి జంపర్ (డిస్క్ సెట్టింగు మార్చే చిన్న తొడుగు) పెట్టే మరో నాలుగు పిన్నులుంటాయి, సాకెట్ వాటి మీదికి జరగకూడదు. ల్యాప్‌టాప్ ఐడీఈలో కరెంటు కూడా ఈ వరసలోంచే పోతుంది కాబట్టి ఒక్క పిన్ను తేడాగా పెడితే డిస్క్ కాలిపోవచ్చు. మూడుసార్లు లెక్కపెట్టి గాని స్విచ్ వేయలేదు. నా డిస్క్ కంటే పెద్ద చప్పుడు చేస్తూ లేచింది. నాన్న రాత్రిళ్లు పనిచేసుకుంటుంటే పక్క గదిలోకి వినిపించిన చప్పుడే అది, వెంటనే గుర్తుపట్టాను.

మై డాక్యుమెంట్స్‌లో 34 వర్డ్ ఫైళ్లున్నాయి. కాపీ చేసుకుని డిస్క్ తీసేశాను. అమ్మని పిలిచి మొదటి ఫైలు తెరిస్తే తెలుగు లేదు. నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఇంగ్లీషు అక్షరాలు పేజీ నిండా. "పాడైపోయాయా?" అంది అమ్మ. కాసేపటికి తట్టింది, అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) రాకముందు తరం ఫాంట్‌తో కొట్టినవి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అక్షరాలు ఇలాగే కనిపిస్తాయి. "పాడవలేదమ్మా, ఒక్క పది నిమిషాలాగు" అని డిస్క్‌ని మళ్లీ తగిలించాను. అందులో విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్‌లో వెతికితే ఆ ఫాంట్ ఫైళ్లు అలాగే ఉన్నాయి. నా కంప్యూటర్‌లోకి తెచ్చి ఇన్‌స్టాల్ చేసి ఫైలు మూసి తెరిచాను. పేజీ అంతా తెలుగైంది. నాన్న తన చిన్నప్పటి బడి గురించి రాసుకున్నారు. అమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. అనవసరం అనుకుని డిస్క్ చెరిపేసి ఉంటే ఆ ఫాంట్ కోసం ఎక్కడ వెతికేవాళ్లమో. అందుకని ఈసారి కావాల్సినవి మాత్రమే కాకుండా మొత్తం డిస్క్‌ని ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు ఒకే నకలుగా తీసి పెట్టాను.

ఇది విని ఆఫీసు మిత్రుడొకరు తన కొత్త ల్యాప్‌టాప్ డిస్క్ తెచ్చారు. అది బిళ్లలాంటి ఎం.2 కార్డు, 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. పైగా సాటా కాకుండా ఎన్‌వీఎంఈ అనే వేరే పద్ధతి రకం. నా కేబుల్ దానికి పనికిరాదు, ఎన్‌వీఎంఈ అని రాసున్న వేరే ఎన్‌క్లోజర్, అంటే డిస్క్‌ని లోపల పెట్టి యూఎస్‌బీకి కలిపే పెట్టె కావాలి. అది తెచ్చుకుని తగిలిస్తే విండోస్‌లో డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడిగింది. ఆయన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉండబట్టి తెరుచుకుంది, లేకపోతే ఏ కేబులూ ఏమీ చేయలేకపోయేది.

నాన్న డిస్క్‌ని సేఫ్‌లీ రిమూవ్ కొట్టి, పవర్ ఆపి, వేలి కింద వణుకు పూర్తిగా ఆగేదాకా ఉండి తీశాను. యాంటీస్టాటిక్ కవర్లో పెట్టి పైన తేదీ రాసి బీరువాలో దాచాను. ఇమేజ్ నా దగ్గరొకటి, అక్క దగ్గరొకటి ఉన్నాయి. ఆ 34 ఫైళ్లని ఇప్పుడు యూనికోడ్‌లోకి మారుస్తున్నాం. మార్చే సాఫ్ట్‌వేర్ కొన్ని ఒత్తులు తప్పుగా వేస్తోంది, అవి అక్క దిద్దుతోంది. పన్నెండో ఫైలు దగ్గరున్నాం.