రెండున్నర మిల్లీమీటర్ల అక్షరం

పదిహేనేళ్లుగా నేను తెలుగు అక్షరాలు గీస్తున్నాను. శుభలేఖలకు, దుకాణాల బోర్డులకు, విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లోని ప్రెస్సులు అడిగే కరపత్రాలకు గీసిన ఆ అక్షరాలన్నీ కంటి కోసమే. గత ఏడాది ఒక కార్యాలయం వారు తలుపుల మీది ఫలకాలకు తెలుగుతోపాటు, చూపు లేనివారు వేలితో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల లిపి బ్రెయిలీ కూడా చేర్చమని అడిగినప్పుడు, అదీ మరో ఫాంటే కదా అనుకుని, తెలుగు పేరు కింద మిగిలిన జాగాలో పట్టేటట్టు 18 పాయింట్ల సైజులో చుక్కలు అమర్చాను. పని అప్పగించే ముందు నమూనాను పెదవాల్తేరులో ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన పసితనంలోనే చూపు పోయి, జీవితమంతా బ్రెయిలీలో చదివి, చదివించినవారు. ఫలకం మీద రెండుసార్లు వేలు నడిపి, "చుక్కలు తగులుతున్నాయమ్మా, ఏ గడి ఎక్కడ మొదలైందో మాత్రం తెలియడం లేదు" అన్నారు. గడి అంటే ఒక్కో బ్రెయిలీ గుర్తు నిలిచే చోటు, మూడేసి చుక్కల నిలువు వరుసలు రెండు.

ఇంటికి వచ్చి స్కేలు పెట్టి కొలిచాను. నేను అమర్చిన చుక్కల మధ్య ఎడం 1.6 మిల్లీమీటర్లు ఉంది. చూపుడువేలి కొన మీద రెండు మొనలు విడివిడిగా తెలియాలంటే వాటి మధ్య సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్ల దూరం కావాలి. అందుకే యూరప్‌లో మందుల పెట్టెల మీద వాడే మార్బుర్గ్ మీడియం కొలతలో ఒక గడిలోని చుక్కకూ చుక్కకూ 2.5, గడికీ గడికీ 6, వరుసకూ వరుసకూ 10 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. కాగితం మీది మామూలు బ్రెయిలీలో చుక్క ఎత్తు దాదాపు అర మిల్లీమీటరు. కంటికి గీసే అక్షరాన్ని 8 పాయింట్లకు తగ్గించవచ్చు, భవనం మీద నిలువెత్తున పెంచవచ్చు. చదివేవారు దగ్గరకు వస్తారు, దూరం జరుగుతారు. వేలికి ఆ వెసులుబాటు లేదు. ఒక గడి మొత్తం వేలి కొన కింద ఒక్కసారిగా ఇమడాలి, అందులోని చుక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోకూడదు. ఈ రెండు షరతుల మధ్య మిగిలే జాగా చాలా తక్కువ.

ఆ రాత్రే ఫాంటును మొదటి నుంచి మళ్లీ గీశాను. ఫాంటు లోపల అక్షరం నిలిచే చదరాన్ని 1000 భాగాలుగా తీసుకుంటే, ఆ చదరం సరిగ్గా 10 మిల్లీమీటర్లయ్యేలా చూసుకోవాలి. అప్పుడు చుక్కల ఎడం 250 భాగాలు, గడి వెడల్పు 600 భాగాలు, చుక్క వ్యాసం 150 భాగాలు అవుతాయి, వరుసల ఎడం సైజుతో సమానమవుతుంది. 10 మిల్లీమీటర్లంటే 28.35 పాయింట్లు. నా ఫాంటు ఆ ఒక్క సైజులోనే పనికొస్తుంది. అంతకు తగ్గిస్తే అది బ్రెయిలీలా కనబడే బొమ్మ అవుతుంది తప్ప బ్రెయిలీ కాదు.

చరిత్ర చూసినా, స్పర్శ లిపుల కష్టమంతా ఈ కొలత దగ్గరే కనిపిస్తుంది. 1785లో పారిస్‌లో అంధుల పాఠశాల నెలకొల్పిన వాలంతీన్ హయీ రోమన్ అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చు వేయించాడు. పుస్తకాలు మోయలేనంత బరువయ్యాయి, చదవడం మహా నెమ్మదిగా సాగింది, పిల్లలు తమంతట తాము రాసుకునే వీలు లేకపోయింది. తరువాత షార్ల్ బార్బియే ధ్వనుల ఆధారంగా చుక్కల లిపి చేశాడు కానీ, అతని గడిలో ఆరేసి చుక్కల నిలువు వరుసలు రెండుండేవి. అంత పొడవైన గడి వేలి కింద ఇమడదు కనుక వేలిని పైకీ కిందికీ జరపవలసి వచ్చేది. అదే పాఠశాలలో చదువుతున్న లూయీ బ్రెయిలీ 1824లో, పదిహేనేళ్ల వయసులో, ఆ గడిని సగానికి తగ్గించి ఆరు చుక్కలు చేశాడు. 1829లో దానిని ప్రచురించాడు. అక్షరం ఆకారాన్ని పూర్తిగా వదిలిపెట్టి వేలి కొన పరిమాణాన్నే కొలబద్దగా తీసుకోవడం, అక్షరాలు గీసే మనిషిగా నాకు అన్నిటికంటే సాహసమైన నిర్ణయంగా తోస్తుంది.

మన భాషల విషయానికి వస్తే, 1951లో వాటికి ఉమ్మడి పద్ధతిగా భారతి బ్రెయిలీ స్థిరపడే వరకు దేశంలో పలు పద్ధతులు వాడుకలో ఉండేవి. భారతి బ్రెయిలీ ధ్వనిని బట్టి నడుస్తుంది. ఇంగ్లీషు కె గుర్తే మన క, బి గుర్తే మన బ. ఇంగ్లీషులో సిహెచ్, ఎస్‌హెచ్, టిహెచ్, జిహెచ్ జంటలకు ఉన్న పొట్టి గుర్తులే ఇక్కడ ఛ, శ, థ, ఘ అయ్యాయి. గుణింతపు గుర్తులు వేరుగా లేవు. హల్లు తరువాత అచ్చునే రాస్తారు. ఒత్తు కావలసిన చోట ముందుగా నాలుగో చుక్క ఒక్కటే ఉన్న గడి వస్తుంది, అది పొల్లు. ఆ లెక్కన 'విశాఖపట్నం' అంటే వ, ఇ, శ, ఆ, ఖ, ప, పొల్లు, ట, న, సున్న. కాగితం మీద అయిదు అక్షరాలు, బ్రెయిలీలో పది గడులు, పొడవు దాదాపు 6 సెంటీమీటర్లు. 'ప్రయాణికుల విశ్రాంతి గది' అన్న మాటలు ఖాళీలతో కలిపి 24 గడులవుతాయి, అంటే 14 సెంటీమీటర్లకు పైమాటే. అక్షరం కుదించి ఇరికించే అలవాటు ఇక్కడ చెల్లదు. ఫలకం కొలతను బ్రెయిలీ నిర్ణయించాలి, తెలుగు అక్షరాలు దానికి తగ్గట్టు సర్దుకోవాలి.

అదే 'పట్నం'లో పొల్లును చూడండి. అది కుడి నిలువు వరుసలో పైన ఉండే ఒకే ఒక్క చుక్క. ఎడమ వరుసలో పైన ఉండే ఒక్క చుక్క 'అ'. రెండూ ఒకే ఎత్తులో ఉంటాయి. వేలికి వాటి తేడా తెలిసేది చుట్టూ ఉన్న ఖాళీని బట్టే. గడి లోపలి ఎడం 2.5 మిల్లీమీటర్లయితే, ఒక గడి కుడి వరుసకూ తరువాతి గడి ఎడమ వరుసకూ మధ్య ఎడం 3.5. ఆ ఒక్క మిల్లీమీటరు తేడా మీదనే చదువంతా నిలుస్తుంది. నా మొదటి నమూనాలో ఆ తేడా 0.6 మిల్లీమీటర్లకు పడిపోయింది. మాస్టారికి గడి మొదలు అందకపోవడానికి కారణం అదే.

జపాన్ డిజైనర్ కోసుకే తకహషి 2018లో బ్రెయిలీ నోయె అనే అక్షరశైలిని వెలువరించారు. అందులో కంటికి కనిపించే అక్షరం గీతలు బ్రెయిలీ చుక్కల మీదుగా సాగుతాయి. ఒకే అక్షరాన్ని ఇద్దరూ చదవగలరు. తెలుగులో కూడా అలా చేయాలని మూడు నెలలు శ్రమించాను. రోమన్‌లో ఒక అక్షరానికి ఒక గడి కనుక అది చక్కగా కుదిరింది. మనకు 'వి' ఒక అక్షరమే గాని గడులు రెండు. 'ట్న'కు మూడు గడులు, పైగా 'న' వత్తు కంటికి కిందకు దిగుతుంది, వేలికి పక్కకు సాగుతుంది. గుడిని విడదీసి పక్కన పెట్టి చూశాను, వత్తును సాగదీసి చూశాను. చుక్కలు సరిగ్గా వచ్చాయి కానీ ఆ తెలుగును తెలుగువారెవరూ చదవలేరు. ఆ ప్రయత్నం వదిలేసి, రెండు లిపులకూ రెండు వరుసలు ఇచ్చాను.

బ్రెయిలీ రానివారి సంగతి నాకు మా పెదనాన్న వల్ల తెలిసింది. నీటికాసుల వల్ల అరవై దాటాక ఆయన చూపు పోయింది. ఇంగ్లండులో విలియం మూన్ 1845లో ఇలాంటివారి కోసమే, రోమన్ అక్షరాలను సరళమైన గీతలుగా, వంపులుగా మార్చి ఒక స్పర్శ లిపి చేశాడు. తెలుగులో అలాంటిది చేయగలమా అని ఏటికొప్పాక నుంచి తెచ్చిన అంకుడు కర్ర పలకల మీద 20 మిల్లీమీటర్ల ఎత్తున ఉబ్బెత్తు అక్షరాలు చెక్కించి పెదనాన్న చేతికిచ్చాను. 'ర', 'జ', 'ఇ' వెంటనే పోల్చుకున్నారు. 'ప', 'ష' దగ్గర ఆగిపోయారు. 'ద', 'ధ', 'థ' మూడూ ఆయనకు ఒకటే, ఎందుకంటే వాటిని వేరు చేసేది కింద ఒక చిన్న గీత, లోపల ఒక చిన్న చుక్క. మందంగా చెక్కితే స్పష్టంగా ఉంటుందనుకున్నాను గాని, మందపాటి గీతకు రెండు అంచులూ వేలికి రెండు గీతల్లా తగులుతాయని ఆయన చెప్పాకనే అర్థమైంది. ఇప్పుడు గీతలను సన్నం చేసి, కింది గీతను రెట్టింపు పొడవు పెంచి, తలకట్టును పూర్తిగా తీసేశాను. 'ప', 'ష' జంట ఇంకా తేలలేదు.

ఫాంటు వాడేవారికి ఒక హెచ్చరిక. పాత డీటీపీ ఫాంట్లలాగే కొన్ని బ్రెయిలీ ఫాంట్లు కూడా ఇంగ్లీషు మీటల మీద చుక్కలను కూర్చుకున్నవే. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఆ ఫాంటు పెడితే వచ్చేది తెలుగు బ్రెయిలీ కాదు. కంప్యూటర్లో ప్రతి లిపి గుర్తుకూ ఒక సొంత స్థానం ఇచ్చే యూనికోడ్‌లో బ్రెయిలీకి 256 స్థానాలున్నాయి. లిబ్‌లూయిస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగు పాఠాన్ని ఆ స్థానాల్లోకి మారుస్తుంది. ఆ తరువాత కూడా చదవగలిగినవారి వేలి కింద పెట్టి చూడనిదే ఫలకం బిగించకండి. సిరాతో చదునుగా ముద్రించిన చుక్కలున్న బోర్డులను నేను ఈ ఊళ్లోనే రెండు చోట్ల చూశాను.

గత వారం కొత్త నమూనాతో మళ్లీ పెదవాల్తేరు వెళ్లాను. యాక్రిలిక్ పలకకు సన్నటి రంధ్రాలు వేసి, వాటిలో గుండ్రటి పూసలు బిగించాము. మాస్టారు 'విశాఖపట్నం' అని ఆగకుండా చదివారు. తరువాత వేలు అంచుదాకా పోనిచ్చి, చట్రం మరీ దగ్గరగా ఉందని, చివరి సున్న చదివేటప్పుడు వేలికి అడ్డు తగులుతోందని చెప్పారు. చట్రాన్ని 10 మిల్లీమీటర్లు వెనక్కి జరిపి గీస్తున్నాను.