తూర్పున నెలవంక గీసి పట్టుబడ్డాను

నిన్ననే గ్రేడ్ వచ్చింది. బి. అయినా స్వీట్లు పంచాలనిపించింది.

టెక్సాస్‌లో అకౌంటింగ్ చదివే నాకు రాళ్లతో, చంద్రుడితో ఏం పని అనకండి. ఇక్కడ ఏ బ్యాచిలర్స్ డిగ్రీ చదివినా సైన్స్ క్రెడిట్లు ఉండాల్సిందే. ‘ఎర్త్ సైన్స్, ఆస్ట్రానమీ కలిపి ఒకటే కోర్సు, చాలా ఈజీ’ అన్నాడు మా అడ్వైజర్. ఈజీ అని ఎవరైనా అంటే ముందు వాళ్లా కోర్సు చదివారేమో అడగండి.

రాళ్లు హాయిగానే గడిచాయి. గోటితో గీస్తే గీత పడేది జిప్సం, యాసిడ్ చుక్కకు బుసబుస పొంగేది కాల్సైట్. ఒకదాన్ని నాలుకకు తగిలించి హాలైట్ అని చెప్పేశాను, ఉప్పే కదా. (మీరు నాకకండి, అంతకుముందు ఎంతమంది నాకారో!) భూకంపాలు, భూమి పైపొరలో కదిలే ప్లేట్లు స్లైడ్లు చదివితే వచ్చేస్తాయి.

నన్ను ముంచింది చంద్రుడు. నాలుగు వారాలు రోజూ చూసి టైము, దిక్కు, ఆకారం రాయాలి. పౌర్ణమి నాడు మొదలుపెట్టాను. రాత్రి 9కి తూర్పున నిండుగా ఉన్నాడు. మూడో రోజుకే ట్యాక్స్ పరీక్ష టెన్షన్. ఇక బయటికి వెళ్లకుండా టైము, దిక్కు అవే ఉంచి, చంద్రుణ్ణి మాత్రం రోజూ కాస్త చెక్కుతూ పోయాను.

ప్రొఫెసర్ నా పేజీని పేరు లేకుండా స్క్రీన్ మీద వేశారు. ‘రాత్రి 9, తూర్పు, సన్నని నెలవంక. ఇది ఏ గ్రహం మీద?’ అన్నారు. క్లాసంతా నవ్వింది. పేరు లేకపోతేనేం, నా పర్పుల్ పెన్ను పక్కవాళ్లందరికీ తెలుసు.

తర్వాత ఆఫీసుకు పిలిచి, చంద్రుడు ఎందుకు తరుగుతాడని అడిగారు. భూమి నీడ పడి అన్నాను. ‘అది గ్రహణం’ అని లైటార్పి, బల్ల మీద ఒక్క దీపం పెట్టి, పెన్సిలుకు గుచ్చిన తెల్ల బంతి చేతికిచ్చారు. దీపం వైపు వీపు పెట్టి బంతిని తల కన్నా ఎత్తులో పట్టుకుంటే నిండు చంద్రుడు. పక్కకు తిరిగితే సగం. సన్నని వంక కావాలంటే బంతిని దాదాపు దీపం దగ్గరికే తేవాలి. అంటే నెలవంక ఎప్పుడూ సూర్యుడి పక్కనే: సాయంత్రమైతే పడమట, తెల్లవారుజామునైతే తూర్పున. పైగా చంద్రుడు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడట.

అమ్మమ్మకు ఫోన్లో చెబితే ఒకటే నవ్వు. ‘పిచ్చిదానా, బహుళంలో చంద్రుడు ఎప్పుడొస్తాడో రాత్రుళ్లు పొలానికి నీళ్లు కట్టే ఎవరినడిగినా చెబుతారు!’ క్యాలెండర్లో తిథి చూసి ఉపవాసాలుంటాం, తలెత్తి మాత్రం చూడం. నేనే సాక్ష్యం.

సగం మార్కులు కోసి మళ్లీ మొదటినుంచి చేయమన్నారు. తెల్లవారుజాము 5కి అలారం పెట్టుకుని అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నిలబడ్డాను. ఈసారి నిజం చంద్రుడే.

ఫైనల్లో ‘సూర్యాస్తమయం వేళ దక్షిణాన సగం చంద్రుడు, ఏ దశ, ఎప్పుడు అస్తమిస్తాడు?’ అని వచ్చింది. ఫస్ట్ క్వార్టర్, సుమారు అర్ధరాత్రి అని రాసి, ఊరుకోలేక పక్కన తెలుగులో ‘శుక్ల అష్టమి’ అని చేర్చాను. పేపరు తిరిగొస్తే దాని పక్కన ఎర్ర పెన్నుతో పెద్ద ప్రశ్నార్థకం ఉంది. మార్కు మాత్రం పూర్తిగా వేశారు.