ఆ పదిహేడు నిమిషాలు

1984లో గుంటూరు నుంచి చికాగో వచ్చేటప్పటికి నాకు తొమ్మిదేళ్లు. నాన్నకి రాత్రి డ్యూటీ. చికాగో బేస్‌బాల్ జట్టు కబ్స్. వాళ్ల సొంత మైదానం రిగ్లీ ఫీల్డ్‌లో 1988 దాకా ఫ్లడ్‌లైట్లు లేవు, అక్కడ ఆడితే పగలే. నిద్ర లేచిన నాన్నా, బడి నుంచి వచ్చిన నేనూ టీవీ ముందు చేరేవాళ్లం. సగం ఇంగ్లిషు నాకు అలాగే వచ్చింది. ఆ 1984లోనే, వరల్డ్ సిరీస్ అనే ఫైనల్‌కి ముందు మెట్టులో, మొదటి రెండు ఆటలు గెలిచి, శాన్ డియాగోలో వరసగా మూడు ఓడిపోయారు. "1908 తర్వాత వీళ్లు కప్పు గెలవనే లేదంటమ్మా" అని నాన్న చెబితే ఏడ్చాను. 2003లో ఇంకో ఐదు అవుట్లు తీస్తే వరల్డ్ సిరీస్‌ అనగా, ఒక్క ఇన్నింగ్స్‌లో ఎనిమిది పరుగులు ఇచ్చేశారు. నా కాపురం చెడిన ఏడాది అది. ఆ రాత్రి ఆట కోసమే ఏడుస్తున్నానని ఇంట్లో అందరూ అనుకున్నారు.

2016 వేసవిలో ఆగని దగ్గు, రాత్రిళ్లు దిండు తడిసేంత చెమట. డాక్టరు మూడు నెలలు ఎలర్జీ మందులిచ్చాడు. మెడ మీద గడ్డ చూపిస్తే కంప్యూటర్ మీంచి తలెత్తకుండా, "ఇంటర్నెట్ చదివి భయపడకండి, టెన్షన్ తగ్గించుకోండి" అన్నాడు. చేత్తో తాకి చూడనైనా లేదు. క్షమించెయ్యమని అమ్మ అంటుంది. నావల్ల కావట్లేదు.

బయాప్సీ, స్కానులు చకచకా అయిపోయాయి. హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్. మా ఫస్ట్ బేస్ ఆటగాడు ఆంథొనీ రిజోకి 2008లో, పద్దెనిమిదేళ్లప్పుడు, వచ్చిందీ ఇదే. జాన్ లెస్టర్‌కి 2006లో ఇంకో రకం లింఫోమా. ఇద్దరూ నయమై అప్పుడు కబ్స్‌కే ఆడుతుండేవాళ్లు. కీమో ఎక్కుతుంటే ఆ రెండు పేర్లే తలచుకునేదాన్ని.

నవంబర్ 2న క్లీవ్‌ల్యాండ్ జట్టుతో వాళ్ల ఊళ్లోనే వరల్డ్ సిరీస్ ఏడో ఆట, గెలిచినవాళ్లకే కప్పు. నాకు జ్వరం 102. తెల్లకణాలు దాదాపు లేవని ఆసుపత్రిలో పెట్టారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, ఇంకో నాలుగు అవుట్లు ఉన్నాయనగా, మా 6-3 ఆధిక్యం కాస్తా 6-6 అయింది. నాన్న టీవీ కట్టేశాడు. "వద్దులే తల్లీ, పడుకో" అన్నాడు. నాన్న ఆట మధ్యలో టీవీ కట్టెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. జ్వరానికి పడని భయం అప్పుడు పట్టుకుంది.

"పెట్టు నాన్నా" అన్నాను.

తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాక వాన. పదిహేడు నిమిషాలు ఆట ఆగింది. అప్పుడే నాకు చలి ముంచుకొచ్చి, పళ్లు టకటకా కొట్టుకున్నాయి. నర్సు వెచ్చటి దుప్పట్లు రెండు కప్పి, నా పాదాలు రెండు చేతుల్లోకి తీసుకుని వణుకు తగ్గేదాకా కదల్లేదు. ఆమెకి ఇంకెంత మంది పేషెంట్లున్నారో! ఆ తల్లి చల్లగా ఉండాలి. మాస్కు వెనక నాన్న గోవింద నామాలు చదువుతున్నాడు.

పదో ఇన్నింగ్స్‌లో మా జోబ్రిస్ట్ డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే దెబ్బ) కొట్టాడు. చివరికి 8-7, కప్పు మాదే. చివరి బంతి రిజో గ్లవ్‌లో పడింది, దాన్ని వెనక జేబులో పెట్టుకున్నాడు. నాన్న నా నుదురు తడిమాడు. ఇంకా కాలుతూనే ఉంది.

మూడో రోజుకి తగ్గింది. కీమోలో ఉన్నవాళ్లు జ్వరం 100.4 చేరితే తెల్లారనిద్దాంలే అనుకోకండి, ఆ క్షణమే ఫోన్ చేయండి. నేను మూడు గంటలు ఆలస్యం చేశాను.

ఆ రాత్రి నాన్న తలనీలాలు మొక్కుకున్నాడట. నా తల మీద అప్పుడు వెంట్రుకే లేదు. 2018లో తిరుమల వెళ్లి, నీలం కబ్స్ టోపీ తీసి నా చేతికిచ్చి, కల్యాణకట్టలో ఆయనే కూర్చున్నాడు.